మోకాలెత్తు కిటికి

నేను కట్టిన గోడలన్నీ కలిపి నిలబెడితే
మక్తల్ నుంచి మర్రిగూడ దాకా వస్తయి.
బొంబాయిల పన్నెండంతస్తులు, పుణెల కాలేజీ,
ఎవలెవలో పండుకునే అర్రలు.
ఏ గోడనూ అడగలే, నీ అవతల ఏమున్నదని.
గుండు ఏలాడదీసుడు, రసమట్టం పెట్టుడు,
బొట్టు నడుమకు రాంగనే ఇటుక మీద ఇటుక.

ఈ దవాఖానల పాత వార్డుకు
పగటీలి పదకొండుకు గూడ ట్యూబులైటే.
వెంటిలేటర్లు నెత్తి మీద,
పావురాల కోసం కట్టినట్టు.
గోడమూల మంచం మీది తాత
సిమెంటు తట్టతో నన్ను చూసి అడిగిండు:
"పొద్దు గూకిందా మేస్త్రీ?"
పొద్దుగాల చాయ్ ఇంకా నా నాలిక మీదనే ఉండె.

డ్రాయింగు పట్టుకొచ్చిన ఫర్జానా మేడం
మొదాలు టేపు తియ్యలే.
చెప్పులిడిసి ఖాళీ మంచం మీద ఒరిగింది,
అటు మర్లింది, ఇటు మర్లింది,
చానాసేపు లేవలే.
కాంట్రాక్టరు రెండుసార్లు వాచి చూసుకున్నడు.
లేచి, తూర్పుగోడకు సుద్దతోటి గీత గీసింది:
"ఆశప్పా, మూడు ఫీట్ల కాడ కిటికి.
పండుకున్నోళ్ల కండ్లకు బత్తాయి తోట అందాలె."

కొట్టినం.
గోడ పగిలినంక ముందుగాల దుమ్ము వచ్చింది,
దుమ్ము ఎనక ఎండ,
ఎండ ఎనక బత్తాయి పూత వాసన.
తాత ఏమీ అనలే.
మొగం మీంచి దుప్పటి మాత్రం తీసిండు.

ఈదమ్మ వచ్చింది అప్పుడే.
కింద పడ్డ సూదిని
ముప్పై ఏండ్ల సంది ఎతుకుతున్నట్టు నడుస్తది.
బోరునీళ్లు ఎముకలల్లకు దిగి
మెడా నడుమూ ఒక్కటే కడ్డీ చేసినయి.
మనుషులను పాదాలు చూసి గుర్తుపడ్తది.
"మేస్త్రీ, నీ ఎడమ చెప్పు ఉంగటం తెగేటట్టున్నది" అన్నది.
తర్వాత అడిగింది:
"గీ కిటికి ఎవలికి పెడుతున్నవ్ బిడ్డా?"
"మీకే."
"నాకైతే గోడనే ఉన్నది."

రసమట్టం తీసుకొని మళ్ల పెట్టి చూసిన.
బొట్టు సరిగ్గ నడుమనే ఉండె.

మేడం నేల మీద కూసున్నది,
ఈదమ్మ కండ్లకాన్నుంచి బండ దాకా టేపు పట్టింది,
టేపు చూడకుంట చానాసేపు
ఆమె చూసే దిక్కే చూసింది.
"దించాలె. నేల దాకా దించాలె."
"కుక్కలొస్తయి మేడం," అన్నడు కాంట్రాక్టరు,
"పాములొస్తయి. దీనికి బిల్లు ఎవలు పాస్ చేస్తరు?"
"జాలి పెడదాం."
నేను గడ్డపార అందుకున్న.

కిందికి దించితే ఏమి కనపడ్డది?
మోరీ పైపు, సిరంజీల సంచి, ఎండిన తంగేడు కట్టె.
అవి తీపిచ్చినం.
షాబాదు బండలతోటి జానెడు లోతు తొట్టి కట్టుమన్నది.
అడుగుకు నల్లరంగు.
మొదటిసారి ట్యాంకరుతోటి నింపుతుంటే
ఈదమ్మ రెండడుగులు ఎనకకు జరిగింది.
"నీళ్లా?"
ఆ ఒక్క మాటల ఎంత పాత కోపమో.
"తాగేటందుకు కాదమ్మా," అన్నది మేడం,
"చూసేటందుకు."

పనయిపోయిన నాడు సామాను సర్దుకుంటున్న.
వార్డుల ఎవలో రేడియో పెట్టుకున్నరు,
తాత బత్తాయి వలుస్తున్నడు,
ఎండ మంచాల కాళ్ల దాకా వచ్చి కూసున్నది.
జాలి ముందట పీట మీద ఈదమ్మ
తల వంచినట్టే వంచి, కదలకుంట.
మేము అటు చూడనట్టే ఉన్నం.

చానాసేపటికి అన్నది:
"పడమటి దిక్కు మబ్బు పట్టింది.
సెంటర్ల వడ్లు పోసిండ్రంటిరి గదా,
పట్టాలు కప్పుమనుండ్రి జల్ది."

మెడలు నిలువుగున్నోళ్లం అందరం
గప్పుడు బయటికురికి
పైకి చూసినం.

చినుకు ఇంకా పడలే.