తక్‌పట్టీ

బాదేపల్లి యార్డుల, పొద్దుగాల,
పల్లికాయ కుప్పల నడుమ కూసోని
కుర్మయ్య తాత నా ఫోను దిక్కు చూసి అడుగుతడు:
"ఏమంటున్నదిరా ఇయ్యాల?"

ఆ అడుగుడుల ఎత్తిపొడుపు లేదు.
ఉంటే బాగుండు.

నిరుడు యాసంగిల నేనే చెప్పిన.
ఎర్ర బాణాలు మీదికి ఎక్కే బొమ్మ ముంగట
కోటేసుకున్న ఒకాయన నిలబడి
"అమ్మకండి, పది వేలు దాటుతది" అన్నడని.
గొంతు గట్టిగున్నది. వెనుక డప్పుల మోత.
నాలుగు లక్షల మంది చూసిండ్రు తాతా, అన్న,
అంత మంది అబద్ధం చూస్తరా?

చూస్తరు.
ఇరువై రెండు బస్తాలు రేకుల కింద
ఆరు వారాలు ఆపినం.
మాకంటె ముందు ఎలుకలు బేరం చేసినయి.
అమ్మిన నాడు క్వింటాలు మీద పదకొండు వందలు తక్కువ.
తాత నన్నేం అనలే.
తక్‌పట్టీ మడిచి, కవర్ల పెట్టి, రబ్బరు చుట్టి
"చాయ్ తాగుదాం పా" అన్నడు.
ఆ చాయ్ ఇంకా గొంతుల్నే ఉన్నది.

తర్వాత ఆ వీడియో మల్లా చూసిన.
తేదీ లేదు. ఊరు లేదు. ఏ రకం కాయో లేదు.
అడుగున సన్నటి అక్షరాల్ల
గోదాములు కిరాయికిచ్చే కంపెనీ పేరు.
చదవొద్దనే అంత సన్నగ రాసిండ్రు,
నేను మాట విన్న.

తాత ఎవరి కుప్ప కాడికి పోయినా
ఒక కాయ చెవి కాడ పెట్టి ఊపుతడు.
"సప్పుడొస్తే ఎండినట్టేనా?" అన్న.
"పురుగు తిన్నది గూడ సప్పుడు చేస్తది బిడ్డా,
పగలగొట్టాలె."

ఇప్పుడు సర్కారు రేట్ల పేజీ తెరుస్త.
తిరిగి తిరిగి నిమ్మళంగ వస్తది.
బొమ్మల్లేవు, ఎవరూ అరవరు.
తక్కువ ధర, ఎక్కువ ధర, నడిమి ధర.
పైన తేదీ: నిన్నటిది.
నిన్నటిదని ఒప్పుకున్నది గదా,
అందుకే నమ్మబుద్ధయింది.

చదివి వినిపిస్తే తాత అన్నడు:
"ఆ నడిమి ధర ఎవలికొచ్చిందిరా?"

పక్క కుప్ప మన్నెమ్మకు మూడు వందలు తక్కువొచ్చింది.
మిడ్జిల్ ఊశన్నకు నూట యాభై ఎక్కువ, తేమ లేదట.
చాట కూలి బుచ్చమ్మ నవ్వింది:
"మాకు రేటేడిది, రాలిందే మాది."

ఆ రాత్రి తాత కవరు అడుక్కున్న.
పందొమ్మిదేండ్ల తక్‌పట్టీలు.
సిరా వెలిసి, నూనె అంటి,
ఒకదాని వెనుక మనవరాలు దిద్దిన ఓనమాలు.
ఫోను ఒక దిక్కు, కాయితాలు ఒక దిక్కు పెట్టుకోని
ఏడాదికేడాది చూసుకుంట పోయిన.
కొన్నేండ్లు కలిసినయి.
కొన్నేండ్లు నడుమ ఎవలో తిన్నట్టున్నది.
ఒక్క ఏడు కాయితమే తప్పు, కూడిక తప్పు,
అరవై రూపాయలు, తాతకే లాభం.
చెప్పాల్నా వద్దా అని శానసేపు కూసున్న. చెప్పిన.
"ఆ అడ్తిదారు సచ్చిపోయి ఆరేండ్లాయె" అని
చీకట్ల పెద్దగ నవ్విండు.

ఇప్పుడు నాకు ఫోన్లొస్తయి.
తిమ్మాజిపేట నుంచి ఒకాయన, కోడి కూయకముందే:
"తమ్మీ, పెరుగుతదా?"
నిన్నటి ధర చెప్త. యాడ చూసిన్నో చెప్త.
రేపటిది తెల్వదంట.
అటు దిక్కు కొంచెంసేపు ఊపిరే వినపడ్తది.
"మరి ఆ కోటాయన తెలుసంటున్నడు గదా" అంటడు,
పెట్టేస్తడు.