ఇరవై రెండో రోజు

ఐదుగురు నిన్ననే వచ్చేశారు,
ఆరి, ఉబ్బి, ఒకరి నెత్తి మీద ఒకరు తొక్కుకుంటూ.
ఆరోది మాత్రం
పెన్సిలు మొనంత కన్నం చేసి
మధ్యాహ్నం నుంచీ అక్కడే ఆగింది.

బెండిగోలో జులై. గడ్డి మీద తెల్లటి మంచు.
లాండ్రీ గదిలో ఇంక్యుబేటరూ, నేనూ,
తేమ చూపించే ముల్లూ.

"చెయ్యి పెట్టకు" అంది పక్కింటి బెరిల్,
నలభై ఏళ్ళు కోళ్ళు పెంచిన మనిషి.
"తొందరపడి ఒలిస్తే నెత్తురు పోతుంది."
సరేనన్నాను.
రాత్రి మూడింటికి కిచకిచ సన్నబడింది.

గోరువెచ్చటి తడిగుడ్డ,
కనుబొమలు దిద్దుకునే పట్టకారు.
గోరంత పెంకు లేపితే
లోపలి పొర ఎండి పిల్లకు అతుక్కుపోయి ఉంది.
పొరలో ఎర్రటి దారం,
ఇంకా పారుతోంది.

తడిపి, మూతపెట్టి,
చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను,
వాటిని నమ్మలేక.

ఆరింటికి దారం పాలిపోయింది.
కొంచెం ఒలిచాను. ఆగాను. ఇంకొంచెం.
సగం దాకా వచ్చాక
అదే తన్నుకుంది, నన్నడగకుండా.

హిమజ కళ్ళు నులుముకుంటూ వచ్చింది:
"నువ్వే తీశావా అమ్మా?"

కుడికాలు వంకరగా ఉంది.
బ్యాండేజీ సన్నగా కత్తిరించాలి.
కత్తెర ఎక్కడ పెట్టానో.