ఒత్తులు ఊడిన తెల్లారి

పోచమ్మ మైదాన్ మలుపుల
మా దుకాణం బోర్డు మీద మూడే పనులు:
పెండ్లి పత్రికలు, కరపత్రాలు, కర్మ కార్డులు.
వాటిని కొట్టే నేను బోర్డు మీద ఉండ.
పదిహేడేండ్ల సంది ఇదే కుర్చి,
గుర్తులు చెరిగిన ఇదే కీబోర్డు,
కండ్లకు కాదు, వేళ్లకే తెలిసిన తెలుగు.

నెల రోజులాయె, తెర మీద నీలి డబ్బా ఒకటి
పొద్దుకోపాలి లేస్తుంది:
మీ సిస్టం పాతబడ్డది, ఇగ మేం కావలి కాయం.
జీఎస్టీ తెరుచుకోదు, బ్యాంకు తెరుచుకోదు,
ప్రింటర్ ఒక్కటే ముసలి చుట్టం లెక్క
దగ్గుకుంట దగ్గుకుంట పలుకుతది.

ఇగ చూడు, ఇంటికో సలహా.
కాగితాల సదానందం: కొత్తది కొను, పీడ పోతది.
జిరాక్సు జమీలా బేగం: నడిచే బండికి గాలి తీసుడెందుకమ్మా?
ఇంజినీరింగు పిలగాడు రుత్విక్:
ఉత్తగనే వచ్చేదుంటది ఆంటీ, పెంగ్విన్ బొమ్మది.
పైసలడగనోడు మనకెందుకిస్తడని నా అనుమానం.
మౌసు ముట్టని చాయ్ ఓదెలుకు కూడ ఓ మాటుంది:
అమాస దాటనియ్యి.

మా సేటు వీరస్వామి ఏమనలే.
ఆయన సీసం అక్షరాలేరిన మనిషి,
బొటనవేలి గోరు ఇప్పటికీ నలుపే.
కంప్యూటర్ తెచ్చిన ఏడు
అక్షరాలన్నీ కిలోల లెక్కన తూకానికేసిండు.
'అ' కైనా 'క్ష' కైనా ఒకటే ధర.
"ఇప్పుడా, తర్వాతనా అని
గప్పుడు నన్నెవడడిగిండు బిడ్డా?"
అన్నడు ఒకనాడు, నన్ను కాదు, నీలి డబ్బాను చూసి.

శనివారం రాత్రి యాకయ్య వచ్చిండు,
జేబుల పెన్‌డ్రైవు, నోట్లె పోకచెక్క.
పాత డిస్కు తీసి చెప్పుల డబ్బాల పెట్టిండు,
ఎందుకన్నా మంచిదని.
రెండు శాతం. తొమ్మిది. పదకొండు.
పదకొండు కాడ గంటన్నర.
కరెంటు పోవద్దని నేను భద్రకాళికి మొక్కిన,
యాకయ్య యూపీఎస్‌కు మొక్కిండు.
రెండు గొట్టంగ తెర వెలిగింది:
సముద్రం బొమ్మ.
మా జిల్లాల లేని సముద్రం.

తెల్లారి ఆరుగొట్టంగనే
లేబర్ కాలనీ నుంచి ఇద్దరన్నదమ్ములు.
నాయిన పెద్దకర్మ బుధవారం, ఐదువందల కార్డులు.
పాత కార్డు తెరిచిన, పేరు మార్చుడే గదా అని.

అక్షరాలు లేవు.
డాలర్లు, కొక్కేలు, గుడ్డి డబ్బాలు,
'స్వర్గస్థులైనారు' ఉండాల్సిన కాడ
తలకిందుల ప్రశ్నలు.
రాళ్లవానకు మక్క కంకులు రాలినట్టు
ఒత్తులన్నీ ఊడి పక్కకు పడ్డయి.
ఇన్నేండ్లు నేను కొట్టింది తెలుగు కాదట,
తెలుగు ముసుగేసుకున్న ఇంగ్లీషు గుర్తులట.
రాత్రికి రాత్రి ఎవడో ముసుగు గుంజిండు.

యాకయ్యకు ఫోన్ చేస్తె ఆవులించుకుంట:
"తలుపు కొత్తదైందక్కా, నీ తాళంచెవి పాతది."

పెద్దోడు తెర దిక్కు చూసి మెల్లగ అడిగిండు:
"మా నాయిన పేరేది?"

ఇల్లందుల బ్రహ్మయ్య.
సేటు కుర్చి దగ్గరికి జరుపుకున్నడు.
నల్లగోరుతోని బల్ల మీద గీసుకుంట,
"బ కింద ర. హ కింద మ. య కింద య.
తొందరలేదు, కొట్టు."
నా ఫోన్ల కొట్టిన, ఒక్కవేలుతోని,
మా బిడ్డకు మెసేజ్ పెట్టినట్టు.
అక్కడినుంచి కంప్యూటర్‌కు పంపిన.
వచ్చింది. ఒత్తు మీద ఒత్తు నిలబడి వచ్చింది.
కాని మా లావు నల్ల రాత కాదు,
ఏదో పీల అక్షరం.

"గింత బక్కగున్నది?" అన్నడు పెద్దోడు.
"ఆఖరి నెల గిట్లనే ఉండె గదనే," అన్నడు చిన్నోడు.
మిషిన్ మీద చెయ్యి పెట్టిన, ఊకెనే.

ఇప్పుడు దుకాణంల రెండున్నయి.
చెప్పుల డబ్బాల డిస్కు పాత పెట్టెలకెక్కింది,
దానికి నెట్టు లేదు, నీలి డబ్బా లేదు,
మీద 'ముట్టొద్దు' అని సేటు చేతిరాత.
పెండ్లి పత్రికలు దాంట్లనే.
పెండ్లోళ్లకు లావు అక్షరాలే కావాలె మరి.

ఓదెలు చాయ్ పోసినప్పుడల్లా అంటనే ఉన్నడు,
"చెప్పిన్నా లేదా, అమాస దాటాలె అని?"