ఇరవయ్యోది

స్కూటీ జారి చీలమండ విరిగాక
విద్యానగర్‌లో మా వీధి
ఆరు వారాలు నాకోసం నేలమీదికి దిగింది.

అంతకుముందు వీధంటే
రెండు స్పీడ్‌బ్రేకర్లు, ఒక మలుపు,
పాలబూత్ దగ్గర ఒక హారన్.
అంతే.

ఇప్పుడు చంకల కింద రెండు కర్రలు.
ఏ అడుగైనా
నేలనడిగి వేయాల్సిందే.

మా గేటు నుంచి ఆటోస్టాండుకి
నూట నలభై అడుగులు,
దారిలో ఫుట్‌పాత్ మీద పంతొమ్మిది డబ్బాలు.
లెక్కల టీచర్ని, అలవాటు చొప్పున లెక్కపెట్టాను.

తడిచెత్తకి ఆకుపచ్చ, పొడిచెత్తకి నీలం.
పంచిపెట్టిన రోజు
కొత్త బిందెల్లా తట్టి చూసుకున్నాం.
మారిపోతాయని ఎర్ర పెయింటుతో పేర్లు రాసుకున్నాం.
సాయిరత్న 203.
కులకర్ణి హౌస్.
"ఇది మాది, ముట్టరాదు."
ఒకదాని మీద పేరు లేదు, శ్రీరామ అని మాత్రం ఉంది.

మెల్లగా నడిచేవాళ్లకి
అందరి ఇళ్లూ తెలిసిపోతాయి.
ఎవరికి కొత్త మిక్సీ వచ్చిందో
నోరు తెరిచిన అట్టపెట్టె చెప్తుంది.
షుగర్ అని టీ కూడా ముట్టని ధనుంజయరావు గారింటి ముందు
వారానికి మూడు రస్‌మలాయి డబ్బాలు.
నవ్వొచ్చేది.
నవ్వితే కర్ర జారేది.

పదకొండో డబ్బా పక్కనే ట్రాన్స్‌ఫార్మర్.
రెంటికీ మధ్య జానెడున్నర సందు.
పిల్లి పడుతుంది.
కర్రలతో మనిషి పట్టదు.
రోడ్డు మీదికి దిగాను.

వెనక నుంచి పొడుగాటి హారన్.
కాలేజీ పిల్ల, హెల్మెట్ అద్దం పైకెత్తి
"ఫుట్‌పాత్ ఉంది కదా ఆంటీ, కనబడ్తలేదా?"

కోపం రావాలి.
రాలేదు.
ఆ మాట నాకు తెలుసు, అది నాదే.

మార్చి నెల, పరీక్షల రోజులు,
ఆలస్యమై పోతున్నాను.
రోడ్డు మధ్య వహీదుద్దీన్ గారు,
తెల్లకర్ర అటువైపు చేతిలో.
అచ్చం అంతే పొడుగు హారన్ కొట్టి
"ఫుట్‌పాత్ ఉంది కదా సార్, కనబడట్లేదా?" అన్నాను.
ఆయన మొహం ఇటు తిప్పి
"లేదమ్మా" అన్నారు.
మర్యాదగానే అన్నారు.

నా ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయని
ఆయన జవాబు రెంటికీ సరిపోతుందని
ఈ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడితే గానీ
నాకు అర్థం కాలేదు.

ఇంటికొచ్చి గేటు ముందాగాను.
మూత సగం విరిగిన నీలం డబ్బా.
31/బి, హైమవతి.
నా చేతిరాతే, వంకర్లు లేకుండా, బోర్డు మీద రాసినట్టు.
పంతొమ్మిది కాదు, ఇరవై.
మొదటిదాన్ని లెక్కలో వెయ్యనే లేదు.

ఆ రాత్రి మా ఆయన చేత లోపల పెట్టించాను.
పొద్దున చెత్తబండి ఆగకుండా పోయింది.
రెండోరోజూ అంతే.
వంకాయ తొక్కలు పార్కింగంతా వాసన,
"నువ్వొక్కదానివి తీస్తే ఫుట్‌పాత్ తెరుచుకుంటుందా?" అన్నాడాయన.

మూడోరోజు బండిని నేనే ఆపాను.
"బయట పెట్టకుంటే ఇంటింటికి గేటు తియ్యాల్నా అమ్మా,"
బాలమణి చేతిగ్లవ్ లాగి చెమట తుడుచుకుంది,
"నాలుగొందల ఇండ్లు, ఇద్దరమే ఉన్నం."
ఆమె లెక్కా తప్పు కాదు.
గేటు గడియ తీసి ఉంచుతానన్నాను.
"సూద్దాం" అంది.
కొన్నిరోజులు తీసుకెళ్తుంది, కొన్నిరోజులు లేదు.

కట్టు విప్పేశారు.
స్కూటీ మీద వీధి మళ్లీ
రెండు స్పీడ్‌బ్రేకర్లు, ఒక మలుపు.
దాచుకోవడమెందుకు,
డబ్బాలు నాకు మళ్లీ కనబడడం మానేశాయి.

వినబడతాయి.
ఆరూ నలభై ఐదుకి మసీదు వైపు నుంచి వహీదుద్దీన్ గారు.
ఎండలు ముదిరాక, స్కూలు బస్సులు పెరిగాక
అంచు వెంటే వస్తున్నారు.
కర్ర కొసకి ప్లాస్టిక్ తగిలి
డబ్, కాస్త ఆగి, డబ్,
ధనుంజయరావు గారిది, కులకర్ణి గారిది.
మా గేటు దగ్గర రాయి చప్పుడు.

అక్కడ ఆయన ఆగుతారు.
ఉండాల్సింది లేదని అనుమానం కాబోలు,
కర్ర కాస్త ముందుకు చాపి
ఇంకోసారి తడిమి చూస్తారు.