తల్లికి గడి లేదు

ఫారంల తండ్రికి ఒక గడి ఉన్నది.
ఎత్తు, రంగు, నొసటి చుక్క, మెడ సుడి,
అన్నిటికీ ఉన్నయి.
తల్లికి లేదు.

మక్తల్ పశువుల దవాఖాన నుంచి
బండి మీద నలభై నిమిషాలు ఎండల వచ్చి
ఆ కాయితం తొడ మీద పరుచుకొని
జైతూన్‌బీ కడప ముందు కూసున్న.

ఆమెకు మూడు తట్టువలు.
నా ఛాతి దాటయి. నాడాలు ఎరగని గిట్టలు.
ఎండకాలమంతా తుమ్మకాయలు నమిలి
వానకాలానికి మళ్ల నునుపు తేలుతయి.

"దీని తండ్రెవరు?"
"ఎవడో. అంగట్ల దొరికినోడు.
తల్లిని అడుగు, చెప్త."

ఇది మోతి.
మోతి తల్లి కందిపువ్వు, దాని తల్లి చిల్లగవ్వ.
చిల్లగవ్వ తల్లిని మా అత్త
ఊట్కూరు జట్కాల అడ్డ కాడ
రెండు బస్తాల జొన్నలకు కొన్నది.
దాని పేరు అత్తకు ఎరుకే,
చెప్పకుంట పోయింది.

అక్కడ ఆగింది. నేను రాసుడు ఆపి
నా లెక్క నేను చూసుకున్న.
నాయిన దిక్కు ఏడు తరాలు ఒప్పజెప్త.
అమ్మ దిక్కు
రెండో మెట్టు కాడనే కాలు జారింది.

పోయినేడు ఇటుకబట్టీ మేస్త్రి
గాడిదపోతును తోలుకొచ్చిండట.
కంచరగాడిద కడుపుల పడంగనే సగం పైసలు.
నాలుగిండ్లోల్లు సరేనన్నరు, తప్పేమున్నది,
కంచరగాడిద మంచిగ మోస్తది,
తిండికి పేచీ పెట్టది.
ఎవ్వరికీ తల్లి కాదు, అంతే.
ఆ నాలుగిండ్లల్ల దారం తెగింది.
తెగిన చప్పుడు ఎవ్వరూ ఇనలే.

జూలు కుదుళ్లతోటి పది వెంట్రుకలు పీకి
కవర్ల పెట్టిన.
"గివి ఎందుకు?"
హైదరాబాద్‌ల చూస్తరమ్మా,
తల్లి నుంచి బిడ్డకు, బిడ్డ నుంచి బిడ్డకు
లోపల ఒకటి నడుస్తది.
మగపిల్లకూ వస్తది గని
వాడు ముందటికి ఇయ్యలేడు.

జైతూన్‌బీ నోటి నిండ నవ్వింది.
"గింత మాటకు హైదరాబాద్ దాక పోవాల్నా?
మా అమ్మ పాన్‌దాన్ గట్లనే కదా నాకొచ్చింది!"

మోతికి పంతొమ్మిదేండ్లు.
వరుసగ మూడు కాన్పులు మగపిల్లలే.
ఇది ఆఖరుదని నేనే చెప్పిన,
చెప్పినందుకు ఆమె నాకు చాయ పోయలే.

పుష్యమాసం, రాత్రి రెండు. ఫోన్ మోగింది.
నేను పోయేసరికి
తడి పిల్ల నాలుగు కాళ్లనూ
నాలుగు దిక్కులకు పెట్టి నిలబడనేర్చుకుంటున్నది.
ఆమె సెల్లు వెలుగుల తోక ఎత్తి చూసింది.
దించింది.
గోనెపట్ట తీసుకొని వాని ఈపు తుడిచింది,
చెవుల ఎనక, గిట్టల సందుల,
ఆడపిల్లైతే ఎంత తుడుస్తదో అంత.

తెల్లారగట్ల, పొయ్యి కాడ, చాయ పోసుకుంట అన్నది:
"ఎనిమిదేండ్ల కింద, మా ఆయన దవాఖాన ఖర్చులకు
దేవరకద్ర అంగట్ల ఒక ఎర్రపిల్లను అమ్మిన.
మోతి బిడ్డ. మా ఇంటి ఆడపిల్ల కదా,
ఎడమ చెవికి గంటు పెట్టి ఉంటది."
కొన్నోని పేరు యాదిలేదు.
తలకు పచ్చ రుమాలు ఉండె అన్నది.

ఫారం అంచుల స్కేలు లేకుంట
ఒక వంకర గడి గీసిన.
మోతి అని రాసిన.
కింద ఇంకో గడి గీసి వదిలిపెట్టిన.

ఇప్పుడు ఏ ఊరికి టీకాలకు పోయినా,
మేకలకైనా, బర్లకైనా,
సూది డబ్బ తెరవకముందు
ఊరి చివర కట్టేసిన ప్రతి ఎర్ర తట్టువ
ఎడమ చెవి చూస్తున్న.