ముప్పై కౌంటు

పాతికేళ్ళు మేడమ్ దగ్గర గుమాస్తాగా చేశాను.
పొగతోటలో మందుల షాపు మీద మేడ.
మెట్ల మీద స్పిరిట్ వాసన,
పైకొస్తే కాగితాల వాసన,
దాని అడుగున ఎక్కడో రొయ్యల వాసన,
ఎగుమతుల వాళ్ళు కూర్చుని లేచిన కుర్చీలది.

తలమంచి ఇందుమతి,
అంతర్జాతీయ వాణిజ్య న్యాయవాది అని బోర్డు.
కింద కాంపౌండరు చాన్నాళ్ళు
పాస్‌పోర్టులు ఇప్పించే ఆఫీసనుకున్నాడు.

ఆమె పని నాకు అర్థమైంది ఇస్కపల్లిలో,
ఏరియేటర్లు తిరుగుతున్న గుంట గట్టు మీద,
అర్ధరాత్రి.
చెప్పులు చేత్తో పట్టుకుని అడుగుతోంది:
మేత ఎంత, కరెంటు ఎంత, పిల్ల ఎక్కడ కొన్నావు?
రైతు చిట్టిపుస్తకంలోని పెన్సిలు లెక్కలు
ఆరు నెలల్లో ఇంగ్లీషై, నాలుగొందల పేజీలై
వాషింగ్టన్‌లో ఒక బల్ల మీదికి చేరాయి.
మన రొయ్య చవగ్గా పోయి
వాళ్ళ రొయ్యను గాయపరిచిందట.
చట్టంలో ఆ మాటే ఉంది, గాయం.
"అయిందన్నవాడే చూపించాలయ్యా," అనేది,
"ఎక్కడ, ఎంత లోతు, ఎవరి వల్ల."

కొన్ని గెలిచింది. కొన్ని పోయాయి.
ఒకసారి సుంకం పైసా తగ్గలేదు.
రైతులకు తనే ఫోన్లు చేసింది,
నన్ను చెయ్యనివ్వలేదు.

నా దగ్గర రెండు పుస్తకాలుండేవి.
మొదటిది ఆడిటరుకి.
రెండోదాంట్లో
కందుకూరు సమాజానికి తెరలు: అడవి ఒకటి, అంతఃపురం ఒకటి.
హార్మోనియం రీడ్లు మార్చిన ఖర్చు.
బొమ్మలాట పెంచలయ్యకు మేకతోళ్ళు, పన్నెండు.
ఆడవేషాల మస్తానుకు కంటి ఆపరేషను.
ఇది కళ కింద రాయాలా, వైద్యం కిందా అనడిగాను.
"చూపు లేకుండా వాలుచూపు ఎట్టా చూస్తాడయ్యా?
కళ కిందే రాయి."

శాలువా కప్పబోతే ఫైలు అడ్డం పెట్టుకునేది.
ముందు వరస కుర్చీ ఎప్పుడూ ఖాళీయే.
ఆమె లైట్ల కుర్రాడి పక్కన స్టూలు మీద,
వాడి ఫ్లాస్కులో టీ తాగుతూ.

టౌన్‌హాలు. కార్తీకమాసపు వాన.
మూలాపేటలో మోకాలిలోతు నీళ్ళు.
నాలుగొందల కుర్చీలకు అద్దె కట్టినవాణ్ణి నేను,
నాకు కడుపులో మంట.
రాజు కిరీటంతో చెంచురామయ్య
తెర సందులోంచి తొంగి చూసి
"ఆపేద్దామా అమ్మా?" అన్నాడు.
మేడమ్ వేలితో లెక్కపెట్టింది, రెండుసార్లు.
"ముప్పై కౌంటు గదయ్యా!
వంద కౌంటు పట్టినవాడు ఏడవాలి గానీ నువ్వెందుకు?
కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది. పాడు."

పాడాడు.
వానకు రేకులు మోగుతుంటే వాటి మీదికెక్కి పాడాడు.
రెండో అంకంలో పద్యానికి వన్స్‌మోర్ అన్నారు.
మళ్ళీ అన్నారు.
మూడోసారి అరిచిందెవరో చీకట్లో కనపళ్ళేదు,
గొంతు మటుకు వాదనలు వినిపించే గొంతు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికే వచ్చి కూర్చుంది.
కొరియాకు పోయిన కంటెయినరు వెనక్కొచ్చింది,
దాని సంగతి చూడాలి.
రాత్రి గురించి నేనేదో అనబోతే
"స్టాప్లరేదయ్యా?" అంది.

ఇప్పుడా మేడ మీద దంతవైద్యుడు.
మొదటి పుస్తకం ఆడిటరు పట్టుకుపోయాడు,
రెండోది మా ఇంట్లో, బియ్యం డబ్బా మీద.
ఎవరైనా వచ్చి అడుగుతారు,
అంత పోసి ఏం మిగిల్చుకుంది ఆవిడ, అని.
నేను గుమాస్తాని, నాకు పద్దులే తెలుసు.
ఒకటి ఇంకా కొట్టెయ్యలేదు:
మేకతోళ్ళు పన్నెండు. ఇచ్చినవి పది.

శనివారం సంత ఉంది.
మొదటి బస్సుకే పోవాలి.