లేని బ్రేకు

రాత్రంతా దాని వెనక భాగం కుంగిపోతుంది.
పొద్దున ఐదింటికి తాళం తిప్పితే
బానెట్ కింద ఎక్కడో కంప్రెసర్ గురక మొదలుపెడుతుంది.
ఈనబోయే గేదె లేచినట్టు
ముందు వెనక కాళ్ళ మీద
మెల్లగా, విసుక్కుంటూ లేస్తుంది.
అందాకా నేను అద్దం మీద మంచు గీక్కుంటూ ఆగాలి.

తొంభై రెండో సంవత్సరపు లింకన్ టౌన్ కారు.
ఎండు ద్రాక్ష రంగు. పద్దెనిమిది అడుగులు.
"ఆ గాలి తిత్తులు పీకేసి
మామూలు స్ప్రింగులు వేయించుకో, పీడా పోతుంది"
అంటాడు తాడ్యూస్, నా మెకానిక్కు. నిరుడూ అన్నాడు.
నేను మళ్ళీ తిత్తులే వేయించాను.
బిల్లెంతో మా ఆవిడకి చెప్పలేదు.

టొలీడోలో చలికాలమంతా రోడ్డుకి ఉప్పు పట్టిస్తారు,
ఊరగాయ పెట్టినట్టు.
తలుపు అంచున వేలు పెడితే అవతల తేలుతుంది.
కానీ లోపల,
ఆ ముదురెరుపు మఖమల్ సీట్లో కూర్చుంటే
ఆసుపత్రి దుప్పట్లు ఉతికే నాలాంటివాడు కూడా
కాసేపు జమీందారు.
గతుకు వస్తే
పక్క ఊళ్ళో ఎవరో తుమ్మినట్టుంటుంది.
స్టీరింగు ఒక్క వేలికి తిరుగుతుంది,
కారు మాత్రం కాస్త ఆలోచించుకుని తిరుగుతుంది.
గ్యాలన్‌కి పదిహేడు మైళ్ళు,
అదీ వెనక నుంచి గాలి తోస్తే.
నేను వీధిలో పార్కింగ్ చేస్తుంటే
ఎదురింటి ఎమెట్, వాడి తమ్ముడు
మెట్ల మీద చిప్స్ తింటూ చూస్తారు.
నాలుగోసారికి పట్టిందంటే చప్పట్లు.

బెర్నడీన్ నోవిట్స్కీ దగ్గర కొన్నాను.
ఆవిడ భర్త పళ్ళ డాక్టరు, పోయాడు.
మొదటి ఆదివారం లోపలంతా దులిపితే
సీటు కింద రెండు పిప్పరమెంట్లు, ఒక చెవిపోగు,
కాగితంలో చుట్టిన ఎవరిదో పాలపన్ను.
తీసుకెళ్ళి ఇచ్చాను. చెవిపోగొక్కటే ఉంచుకుంది.

ఒకటే అర్థం కాలేదు.
డ్రైవరు పక్క సీటు ముందు, కింది పట్టా మీద
చిన్న సాసరంత మేర
నూలు అరిగిపోయి అడుగు రబ్బరు కనబడుతోంది.
మిగతా పట్టా కొత్తదానిలా ఉంది.
ఎలక అనుకున్నాను.
తాడ్యూస్ బ్యాటరీ ఆసిడ్ అన్నాడు.
వాడికి అన్నీ ఆసిడే.

మొన్న మార్చిలో ఆవిడే ఫోన్ చేసింది.
కంటి ఆపరేషన్, పెరీస్‌బర్గ్‌లో, తోడెవరూ లేరు.
"నీకు వీలైతే" అంది.
కాస్త ఆగి, "ఆ కారులోనే" అంది.

చూడకుండానే బెల్టు ఆవిడ చేతికి దొరికింది.
మామీ నది వంతెన దిగుతుంటే
ముందు ట్రక్కుకి ఎర్ర దీపాలు వెలిగాయి.
నేనింకా కాలు కదపలేదు.
ఆవిడ కుడిపాదం, నల్లబూటు,
సర్రున ముందుకు పోయి
సరిగ్గా ఆ అరిగినచోట
నొక్కింది.
నోరు మాత్రం అల్లం బిస్కెట్ల గురించి
చెబుతూనే ఉంది.
పాదం సంగతి ఆవిడకి తెలియదు.

ముప్పై ఏళ్ళు
ప్రతి ఎర్రదీపం దగ్గరా, ప్రతి మలుపులోనూ
లేని బ్రేకు తొక్కి తొక్కి
ఆ మనిషిని ఇంటికి చేర్చింది.
అమ్మేనాడు కాగితాలు పరిచి
ఒక్క యాక్సిడెంటూ లేదు చూడమని
ఆయన డ్రైవింగే పొగిడింది.

తిరిగొచ్చేటప్పుడు ఒక కంటికి కట్టు.
ఆ పక్క ఏమొస్తోందో తెలియక
పాదం మరీ కంగారుపడింది.
దాని వెంటే
నా వైపు బ్రేకు నేనూ తొక్కుతూ వచ్చాను,
ఇంటి దాకా.
వెనక హారన్లు. కొట్టుకోనీ.

ఈ వారం తాడ్యూస్
కొత్త పట్టాల సెట్టు దొరికిందన్నాడు, చవకగా.
వెనకవి రెండూ వేశాను, నా కాళ్ళ కిందిదీ వేశాను.
నాలుగోది
ప్లాస్టిక్ కవరు విప్పకుండా
డిక్కీలో పడేశాను.